వీరవేణి గారి తోక

మా ఊళ్ళో ప్రెసిడెంటు సీటు ఆడవాళ్ళకి రిజర్వు అయిన ఏడు మా ఆవిడ వీరవేణి నిలబడింది, నేను గెలిచాను. రోడ్డు మీద ఎవరైనా "ప్రెసిడెంటు గారండీ!" అని పిలిస్తే ఆవిడ నడుస్తూనే ఉండేది. ఆగి తిరిగి చూసేది నేను.

ఆవిడ సంతకాలూ నేనే పెట్టేవాణ్ణి. 'వీ' మీది గుడిదీర్ఘాన్ని సాగదీసి చివర ఒక వంపు తిప్పేవాణ్ణి. అలా తిప్పుతున్నప్పుడు లోపల ఏదో మెత్తబడేది. దాన్ని ప్రేమ అనుకున్నాను.

మొన్న సోమవారం వీరవేణి పంచాయతీ ఆఫీసుకి తనే బయల్దేరింది. అరటి గెలల యార్డులో పనిచేసే ఆడవాళ్ళకి మరుగుదొడ్డి కట్టాలన్న తీర్మానం మీద సంతకం పెట్టాలి. సాయంత్రంలోగా మండలాఫీసుకి చేరకపోతే ఈ ఏటికి లేనట్టే. దాన్ని ఇన్నాళ్ళూ నాన్చింది నేనే. నా మనసు ఊరి మొదట్లో కట్టాల్సిన స్వాగత ద్వారం మీదుంది. తోడుగా అని చెప్పి వెనకాలే వెళ్ళాను.

ఆవిడ సంతకం పెట్టింది. కొత్తగా వచ్చిన సెక్రటరీ కీర్తిప్రియ పాత పేజీలు తిరగేసింది.

"ఇది ప్రెసిడెంటు గారి సంతకం కాదండీ."

"నేనేనమ్మా ప్రెసిడెంటుని."

"మీరు కాదనట్లేదండీ, సంతకం కాదంటున్నాను. పాతవాటిలో 'వీ'కి తోకుంది."

వీరవేణి నా వైపు తిరిగింది. "ఏమండీ, నా తోకేదండీ?"

నేనే ఇంకోసారి పెట్టేస్తే గొడవ ఉండదు. పెన్ను కోసం చెయ్యి చాపాను కూడా.

ఆవిడ ఇవ్వలేదు. "ఆ దొడ్డికి కూడా నా బదులు మీరే వెళ్ళొస్తారేంటి?"

"పాతవన్నీ నేను పెట్టానండీ," అన్నాను సెక్రటరీతో. ఆ మాట అంటున్నది వేరే ఎవరో అనిపించింది.

కీర్తిప్రియ తెల్ల కాగితం నా ముందుకి జరిపింది. "అదే రాసివ్వండి సార్. మేడం అసలు సంతకం ఇదేనని కూడా. మిమ్మల్ని ఏం చేస్తారో పైవాళ్ళిష్టం. తీర్మానం మాత్రం ఇప్పుడే వెళ్తుంది."

రాశాను. ఒక్క అక్షరం పొల్లుపోకుండా రాశాను. కింద సంతకం పెట్టాను.

ముగ్గురం దాన్నే చూశాం. హరిబాబు అన్న నా పేరు ఎలా మొదలవుతుందో నా చేతికి గుర్తులేదు. కాగితం మీద 'వీ' ఉంది, దానికి తోక ఉంది.

వీరవేణి ఆ పేరు కొట్టేసి, పక్కన ప్రెసిడెంటుగా సంతకం పెట్టింది. తోక లేదు.

"అది నా పేరండీ. మీది పెట్టండి, బయట ఆటో ఆగుంది."