ఎర్ర కరంట్ పొద

“నేనొచ్చేసరికి కరంట్ పళ్ల పొదలు కత్తిరించి ఉంచు. పాడుచెయ్యకు,” అన్నాడు భర్త ఉర్మాస్ కారెక్కుతూ. ఆ రెండో మాట మనసులో తిప్పుకుంటూనే హెల్వే కత్తెర తీసుకుని పెరట్లోకి నడిచింది.

మంచు కరిగి పెరడంతా చిత్తడిగా ఉంది. ఏటా ఈ పని అత్తగారు లైనే చేసేది. ఈ ఏడు ఆవిడ వేళ్లు కొంకర్లు పోయి కత్తెర పట్టలేకపోతోంది. వంటింటి కిటికీ దగ్గర కూర్చుని చూస్తోంది. బడి వంటశాలలో అంతంత గంగాళాలు అవలీలగా దించే హెల్వే, ఒక్కో కొమ్మ ముందూ నిలబడి కొయ్యనా వద్దా అని తటపటాయించింది. ఉర్మాస్ కేకలు వేసే మనిషి కాదు. సూప్ చల్లారిందంటే చెంచా పక్కన పెట్టి, లేచి, గది తలుపు వేస్తాడు. ఆ తర్వాత ఆమె వారం రోజులు పొడుగు చేతుల స్వెట్టర్లు వేసుకుంటుంది. “వాడి సంగతి తెలిసిందేగా అమ్మాయ్, కాస్త చూసుకుని మసులుకో,” అంటుంది అత్తగారు, బంగాళాదుంపల మీంచి కళ్లెత్తకుండానే. వంటశాలలో తోటివాళ్లేమో, “మీ ఆయన ఎంత నెమ్మదో, అదృష్టవంతురాలివి,” అంటారు.

నల్ల కరంట్ పొదకైతే ముదురు కొమ్మలు నేలమట్టానికి కొయ్యాలి, కాపంతా లేత కొమ్మలకే. కోసిన చోటల్లా దాని ఘాటు వాసన గుప్పుమంటోంది. చివరి పొద దగ్గరికొచ్చేసరికి చెయ్యి కాస్త కుదుటపడింది. లావుపాటి పాత కొమ్మలన్నీ చకచకా కోసేసింది. అప్పుడు తట్టింది, వాసన రాలేదని.

అది ఎర్ర కరంట్, దానికి ఆ ఘాటు ఉండదు. ఆకుల్లేనప్పుడు రెండూ ఒకేలా ఉంటాయి. కానీ ఇది ముదురు కొమ్మలకే కాస్తుంది. మామగారు స్వయంగా నాటిన పొద. దాని పళ్ల జెల్లీ లేనిదే ఉర్మాస్ మాంసం ముట్టడు.

ఆమెకు రోడ్డు మీద ఏ బండి చప్పుడైనా అతనిదే అనిపించింది. ఏం చేస్తోందో తెలియకుండానే బురదలో మోకాళ్ల మీద కూలబడి, కోసిన కొమ్మల్ని ఒక్కొక్కటే తిరిగి పొద మధ్య మట్టిలో గుచ్చడం మొదలుపెట్టింది.

కిటికీ తెరుచుకుంది. తిట్లు పడతాయని హెల్వే తల వంచుకుంది.

“ఇంకాస్త లోతుగా గుచ్చు,” అంది లైనే గొంతు తగ్గించి. “లేకపోతే గాలికి పడిపోతాయి. మీ మామగారు ఉన్నప్పుడు నేనూ అలాగే చేసేదాన్ని. చిగుళ్లు వెయ్యలేదేమని అడిగితే తెగులు పట్టిందని చెప్పు.”

హెల్వే తలెత్తి చూసింది. ఆవిడ ముఖంలో కోపం లేదు, జాలీ లేదు. అలవాటైన పనిని కోడలికి నేర్పిస్తున్న మనిషి ముఖం అది. ఎప్పటికో తనది కాబోయే ముఖం. ఉర్మాస్ అంటే పుట్టే భయం కంటే పెద్ద భయం ఆమెను పట్టుకుంది.

“వద్దు అత్తయ్యా,” అని, గుచ్చినవన్నీ పీకి దారి పక్కన కుప్పగా పడేసింది.

కారు వచ్చింది. ఉర్మాస్ దిగి కుప్పను చూశాడు, పొదను చూశాడు.

“నల్లదనుకుని కోశాను. పొరపాటైంది,” అంది హెల్వే.

“లోపలికి పద,” అన్నాడు నెమ్మదిగా.

“రాను. అనేదేదో ఇక్కడే అను.”

కంచెకు అవతల పక్కింటి మైమూ బట్టలు ఆరేస్తోంది. ఆమె చేతిలో దుప్పటి అలాగే ఆగిపోయింది. ఉర్మాస్ అటు చూసి, నవ్వబోయి, నవ్వలేక, ఒక్కడే లోపలికి వెళ్లాడు. తలుపు చప్పుడు లేకుండా మూసుకుంది. ఆ నిశ్శబ్దం హెల్వేకి తెలుసు.

ఆమె కంచె దాకా నడిచింది.

“మైమూ, ఈ రాత్రికి మీ ఇంట్లో పడుకుంటాను,” అంది. “ఎందుకో నువ్వు అడగాలి. నేను చెప్తాను.”