గల్లీలో పప్పు పంచాయితీ

తెలుగు మగ్గపోళ్లు వలసొచ్చి బతికే లింబాయత్‌లో, ఓదేలు ఉండే గల్లీలో వీధి దీపం వెలగక నెల దాటింది. మొన్న ఆ చీకట్లోనే ఎవడో ఓదేలు కూతురు హారతి చేతిలోని ఫోను గుంజుకొని పోయాడు. రింగ్ రోడ్‌లో ఆమె చేసే చీరల దుకాణం కొలువు ఇక మానెయ్యమని తల్లి పట్టుబట్టింది. దీపం వచ్చేదాకా ఆగమని ఓదేలు భార్యను బతిమాలాడు. వార్డు ఆఫీసు వాళ్లేమో రేపు, మాపు అంటున్నారు. గస్తీ పోలీసు గల్లీ మొగదలే బండి తిప్పుకొని పోతున్నాడు.

ఆ సాయంత్రం ఓదేలు, పక్కింటి రాజేశం గడప ముందు కూర్చొని మాట్లాడుకుంటున్నారు. చిన్ననాటి నుంచి మరమగ్గాల చప్పుడులో బతికినవాళ్లు. మెల్లగా మాట్లాడడం ఎన్నడో మరిచిపోయారు.

"మీ ఇంటి పప్పుల ఉప్పెక్కువైందిరా," అన్నాడు రాజేశం.

"నీ నాలుకకు ఏం తెలుసు? మగ్గం నూనె పోసినా తాగుతవ్."

కొట్లాట అనుకొని పోలీసు లాఠీతో లోపలికి ఉరికి వచ్చాడు. చీకట్లో మూత విరిగిన మోరీలో మోకాలిదాకా దిగబడ్డాడు.

"ఏం ఝగడా ఇది?" అని రొప్పుతూ హిందీలో అడిగాడు.

"ఝగడా కాదు సాబ్, పప్పు," అన్నాడు ఓదేలు.

రాజేశం కాలు కడుక్కోను నీళ్లు తెచ్చాడు. "మా బిడ్డ రోజూ గీ చీకట్లనే వస్తది సాబ్," అని ఓదేలు మెల్లగా చెప్పాడు. మెల్లగా అనుకున్నది ఆయనొక్కడే. పోలీసు తడిసిన బూటు చూసుకొని, అక్కడి నుంచే వార్డు ఆఫీసుకు ఫోను చేశాడు.

మర్నాడే దీపం వెలిగింది, మోరీకి మూత పడింది. హారతి కొలువు నిలిచింది. పోలీసు ఇప్పుడు రోజూ గల్లీ చివరిదాకా వస్తున్నాడు. ఒకనాడు మిత్రులిద్దరూ మాట లేకుండా చాయ్ తాగుతుంటే గాబరాగా దగ్గరికొచ్చి హిందీలోనే అడిగాడు.

"చప్పుడే లేదేంది కాకా, అంతా ఖైరేనా?"