గోడ మీద గీత

బావ కారు షెడ్డులోకి వస్తున్న చప్పుడు వినగానే లైట్ల మేస్త్రి చేతిలో పని పక్కన పెట్టాడు. రెండు నెలల్లో ఇది నాలుగోసారి. పసిపిల్లకు గౌన్లు మార్చినట్టు ఆ కారుకు హెడ్‌లైట్ బల్బులు మారుస్తూనే ఉన్నాడు.

"ఇవీ గుడ్డి దీపాలే రా బామ్మర్దీ!" అన్నాడు బావ దిగుతూనే. "తెల్లారకముందే నర్సుల్ని ఆస్పత్రిలో దింపాలి కదా, రోడ్డు కనపడి చావట్లేదు. ఏం అంటగట్టావు నాకు?"

ఇదే మాట ఇంకెవరైనా అని ఉంటే మేస్త్రి ఊరుకునేవాడు కాదు. ఆడలేక మద్దెల ఓడన్నట్టు, అద్దం తుడుచుకోకుండా బల్బును తిట్టే డ్రైవర్లను మొహం మీదే కడిగేస్తాడు. కానీ ఎదురుగా ఉన్నది బావ. నాన్న పోయిన ఏడు పదమూడేళ్ల తనను ఇంట్లో పెట్టుకుని, తన కంచం కన్నా ముందు ఈ బామ్మర్ది కంచం నిండిందో లేదో చూసినవాడు. పనిలో చేర్పించి, చివరికి ఈ షెడ్డు కూడా పెట్టించినవాడు. అలాంటి మనిషి మాటకు ఎదురు చెప్పడం మేస్త్రికి ఇన్నేళ్లలో చేతకాలేదు.

అందుకే మొదటిసారి అడగ్గానే మార్చాడు. రెండోసారి బావ తెల్ల బల్బులు కావాలంటే, "తెల్లవి సోకుకే బావా, వానలో పసుపు వెలుగే రోడ్డు చూపిస్తుంది" అని గొణిగి, చివరికి తెల్లవే బిగించాడు. మూడోసారి అతని బుద్ధి గడ్డి తింది. బావ పట్టుబట్టాడని, ఎవరికీ పెట్టని వంద వాట్ల బల్బులు పెట్టాడు. వారం తిరక్కుండా వేడికి హోల్డర్లు కరిగాయి. ఎదురొచ్చే లారీవాళ్ల తిట్లు అదనం.

ఈసారి మాత్రం మేస్త్రి తన పద్ధతి వదల్లేదు. కరిగిన హోల్డర్లు పీకేసి కొత్తవి వేశాడు. ఆ కారుకు ఎన్ని వాట్లుండాలో అన్ని వాట్లవే, రెండు బల్బులూ ఒకే రకానివి తీశాడు. ఒకటి పాతదీ ఒకటి కొత్తదీ ఉంటే వెలుగు సమంగా పడదని అతని పట్టింపు. గాజును వేలితో ముట్టలేదు. వేలి జిడ్డు అంటితే ఆ వేడికి బల్బు ఎక్కువ కాలం బతకదు. శుభ్రమైన గుడ్డతో పట్టుకుని బిగించాడు. విప్పిన పాత బల్బులను వెలుగుకెత్తి చూస్తే, లోపలి తీగ నిక్షేపంగా ఉంది. ఆ సంగతి బావకు చెప్పకుండా వాటిని జేబులో వేసుకున్నాడు.

ఇక మిగిలింది గోడ పరీక్ష. షట్టరు దించితే షెడ్డు పట్టపగలే చీకటి. వెనక గోడకు ఇరవై ఐదు అడుగుల దూరంలో కారు నిలిపి లైట్లు వేస్తే, వెలుగు అంచు గోడ మీది నల్ల గీతకు బెత్తెడు కిందకి పడాలి. ఆ గీత షెడ్డు తెరిచిన రోజు బావ స్టూలెక్కి, నాలుక పంటికింద పెట్టుకుని గీసిందే. కిందటి వారం గోడకు వెల్ల వేయిస్తే అది కాస్తా మరుగున పడిపోయింది. కొత్త గీత కూడా బావ చేతే గీయించాలని మేస్త్రి గోడను అలాగే ఉంచాడు.

బావ స్టీరింగ్ ముందు కూర్చుని లైట్లు వేశాడు. మేస్త్రి బోనెట్‌లోకి వంగి, లైటు ఎత్తు సరిచేసే స్క్రూ తిప్పుతూ, ఇరవై ఏళ్లుగా అడిగినట్టే అలవాటుగా అడిగాడు.

"గీతకు సరిగ్గా పడిందా బావా?"

"పడింది. బెత్తెడు కిందకి. ఇంక తిప్పకు."

మేస్త్రి చెయ్యి స్క్రూ మీదే ఆగిపోయింది. తలెత్తి చూశాడు. ఎదురుగా తెల్లటి గోడ. దాని మీద వెలుగు తప్ప ఏమీ లేదు.

ఏమీ ఎరగనట్టు షట్టరు ఎత్తేయొచ్చు. కానీ రేపు తెల్లవారుజామున బావ నలుగురు నర్సులను ఎక్కించుకుని చీకట్లో బయల్దేరతాడు.

"బావా, గోడ మీద గీత లేదు. వెల్ల వేయించాను."

బావ లైట్లు ఆర్పేశాడు. చీకట్లో గొంతు మాత్రం వినిపించింది.

"ఆర్నెల్లయింది రా. కంటి వెనక నరం ఎండిపోతోందన్నాడు డాక్టరు. చుక్కలు వేసుకుంటే ఉన్న చూపు నిలుస్తుందట. పోయింది రాదట. మీ అక్కకు చెప్పలేదు."

"తెలిసీ మరి బల్బులెందుకు మార్పించావు బావా?"

"నేను బల్బు బాగాలేదంటే నువ్వు కాదనవు కదా. వెంటనే మార్చేస్తావు. అలా మార్చినప్పుడల్లా, నిజంగా బల్బుదే తప్పేమో అనిపించేది. రెండ్రోజులు హాయిగా ఉండేది."

మేస్త్రికి ఏడుపు ఆగలేదు. రెండు నెలలు నోరు మూసుకుని అది మర్యాద అనుకున్నాడు. ఆ మర్యాదే బావను కళ్లు కనపడకుండా రోడ్డెక్కించింది. గుడ్డతో మొహం తుడుచుకుని, బోనెట్ దించి, జన్మలో మొదటిసారి బావకు అడ్డు చెప్పాడు.

"లే బావా. నేను నడుపుతాను."

బావ దిగాడు. బోనెట్ మీద చెయ్యి ఆనించుకుంటూ చుట్టూ తిరిగి వెళ్లి, అటుపక్క కూర్చున్నాడు.

ఇంటికి బయల్దేరేసరికి సందె వేళయింది. సొంత కారులో ఆ సీట్లో బావ ఎన్నడూ కూర్చోలేదు. బెల్టు ఏ భుజం మీదుగా వస్తుందో తెలియక తడుముకున్నాడు. ప్రతి మలుపులోనూ అతని కుడికాలు ఖాళీ నేలను నొక్కుతూనే ఉంది.

"వెలుగు బాగా పడుతోందా రా?" అని ఒక్కసారి అడిగాడు.

"బ్రహ్మాండంగా పడుతోంది బావా," అన్నాడు మేస్త్రి. నిజంగానే రోడ్డు మీద గులకరాళ్లు కూడా లెక్కపెట్టేలా కనిపిస్తున్నాయి.

కారు చప్పుడుకు అక్క గుమ్మం దిగి వచ్చింది. ఇన్నేళ్ల అలవాటు కొద్దీ, లోపల ఎవరున్నారో చూడకుండానే డ్రైవరు కిటికీలోకి అన్నం డబ్బా కోసం చెయ్యి చాచింది.

"ఇవాళ పెందలాడే వచ్చారే!"

డబ్బా అందలేదు. వంగి చూసింది. స్టీరింగ్ పట్టుకుని తమ్ముడున్నాడు. చాచిన చెయ్యి అక్కడే ఉండిపోయింది.

"ఇటు రావే," అన్నాడు బావ అవతలి సీట్లోంచి. "డబ్బా నా దగ్గరుంది."