బిళ్ల ఇచ్చి దిగాలి

"బిళ్ల ఇచ్చి దిగుండ్రి," అంటూ రాజకుమారి చెయ్యి చాచింది.

నిలబడింది సూర్యలంక సముద్రపొడ్డు ఇసుకలో, బోర్లించిన పాత పడవ పక్కన. అడిగిన తీరు మాత్రం గోదావరిఖనిలో, బొగ్గుబాయి మీది ల్యాంపురూములో అడిగినట్టే ఉంది. పదకొండేళ్లుగా అదే ఆమె డ్యూటీ. గనిలోకి దిగేవాళ్లు నంబరున్న ఇత్తడి బిళ్ల ఇచ్చి టోపీ దీపం తీసుకుంటారు. పైకొచ్చాక దీపం అప్పజెప్పి బిళ్ల తీసుకుంటారు. షిఫ్టు అయ్యాక కూడా మేకుకు బిళ్ల వేలాడుతోందంటే ఆ మనిషి ఇంకా లోపలే ఉన్నట్టు.

ఈ ప్రయాణాన్ని నాలుగేళ్లు వాయిదా వేసింది ఆమే. ఒకసారి తుఫానంది, ఇంకోసారి పిల్లలకు ఈత రాదంది. చివరికి మూడు సోడా మూతలు ఏరి, గోళ్లరంగుతో అంకెలు వేసి, కొంగున ముడేసుకుని రైలెక్కింది. ఒకటి భర్త జైపాల్‌ది, రెండు పన్నెండేళ్ల సహస్రది, మూడు ఎనిమిదేళ్ల రుత్విక్‌ది.

"సముద్రానికి గూడ హాజరేనా రాజీ?" అని నవ్వాడు జైపాల్. బసంత్‌నగర్ సిమెంటు లారీ నడిపే మనిషికి భయమెక్కడిది. అయినా మూత ఇచ్చాడు.

పొద్దంతా అలాగే గడిచింది. పులిహోరలో ఇసుక, రుత్విక్ చెవిలో ఉప్పునీళ్లు, అందరి వీపుల మీదా ఎండ మంట. మోకాళ్లు దాటొద్దని ఆమె అరుస్తూనే ఉంది, పిల్లలు వినబడనట్టు నటిస్తూనే ఉన్నారు. పడవ అంచున మూతలు వరుసగా పెట్టుకుని, పాదమైనా తడవకుండా, తలలు లెక్కపెడుతూ నిలబడింది.

పొద్దు వాలుతుండగా జైపాల్, సహస్ర బయటికొచ్చి మూతలు తీసుకున్నారు. మూడోది మిగిలింది.

నీళ్లలో చిన్న తల ఏదీ లేదు. జైపాల్ మళ్లీ అలల్లోకి ఉరికాడు. రాజకుమారి మూడో మూత పట్టుకుని, నీళ్లలో ఉన్న తలలన్నీ మళ్లీ మొదటినుంచి లెక్కపెట్టింది.

వాణ్ణి సహస్ర చూసింది. పడవకు అవతల, నీడలో, ఇసుక తవ్వుతున్నాడు. ఎప్పుడో ఒడ్డెక్కాడట. బాయి తవ్వుతున్న అన్నాడు.

రాజకుమారి కొట్టలేదు. మూతను వాడి అరచేతిలో పెట్టి, ఆ గుప్పిట మూసింది. "బిళ్ల తీసుకోకుంటె నువ్వు లోపట్నే ఉన్నట్టు బిడ్డా. అందరు నీ కోసం దేవులాడుతరు."

ఇక చాలు, సర్దుండ్రి, రైలు టైమైంది అంది. జైపాల్ ఆటో కోసం రోడ్డెక్కాడు. సహస్ర మాత్రం కదల్లేదు. ఇసుకలో దొరికిన మూత మీద పిన్నీసుతో నాలుగు అంకె గీకి తల్లికిచ్చి, మళ్లీ చెయ్యి చాచింది.

"నీ బిళ్ల నాకియ్యమ్మా. నేను ఈడ్నే నిలబడ్త."

"నాకెందుకే."

"పదకొండేండ్ల సంది అందర్ని దింపుతున్నవ్. నువ్వు ఒక్కసారన్న దిగినవా?"

రాజకుమారి మూత మీది అంకెను బొటనవేలితో తడిమింది. తర్వాత ఇచ్చింది. నీళ్లు మడమలు దాటాయి, పిక్కలు దాటాయి. కాళ్ల కింద ఇసుక జారిపోతుంటే కుచ్చెళ్లు గుప్పిట బిగించింది. వెనక్కి చూస్తే ఒడ్డున కూతురు మూతను పడవ అంచున పెట్టుకుని, రెప్ప వాల్చకుండా తననే చూస్తోంది, అచ్చం తనలాగే. ఇంకో అడుగు వేసింది. అల వచ్చి నడుము దాకా తడిపింది.

ఆటో హారన్ మోగింది. తడి కుచ్చెళ్లు పిండుకుంటూ, సంచులు, చెప్పులు ఏరుకుంటూ పరుగెత్తారు. ఆటోలో రాజకుమారి ముగ్గురి మూతలూ అడిగి తీసుకుంది. ఒకటి, రెండు, మూడు. సరిపోయాయనుకుని కొంగున ముడేసింది.

వెనక, పడవ అంచు మీద, నాలుగో మూత ఒక్కటే ఉంది.