నోటి మీద సంతకం

ఇస్త్రీ మిషను రోలర్ల మధ్యనుంచి కాలిపోతూ బయటికొచ్చిన దుప్పటి కొసల్ని ఎర్లీన్ అందుకుంది. అటువైపు కొసలు నాడీన్ పట్టుకుంది. ఇద్దరూ ఎదురెదురుగా నడిచి మడత వేసి మళ్ళీ దూరం జరిగారు. పొద్దున ఆరు గంటల నుంచి అదే నడక. పదిన్నరయ్యేసరికి లాండ్రీ లోపల వేడి నూట నాలుగు డిగ్రీలుంది. మనిషి ఒంట్లో ఉంటే ఆసుపత్రికి పరుగెత్తించే వేడి అది.

"ఎర్లీన్ గాడ్స్‌డెన్, ఆఫీసుకి రావాలి" అని మైకులో వినిపించింది.

నాడీన్ చేతులు ఆగిపోయాయి. "అక్కా, ఏమన్నా తల ఊపి వచ్చెయ్. ఎదురు చెప్పకు" అంది గొంతు తగ్గించి.

"ఇరవై రెండేళ్ళ నుంచీ ఊపుతూనే ఉన్నాగా. మెడ పట్టేసింది" అంటూ చేతులు తుడుచుకుంది ఎర్లీన్.

చుట్టుపక్కల నాలుగు జిల్లాల ఆసుపత్రుల దుప్పట్లూ ఆ లాండ్రీకే వస్తాయి. గంటకి పదమూడున్నర డాలర్లు కూలి. దక్షిణ కరోలైనాలోని ఆ చిన్న ఊళ్ళో అంతకంటే మంచి పని ఇంకొకటి లేదు. జూలై నెలలో రోజెటా మిడిల్టన్ అక్కడే పడిపోయింది. కళ్ళు తిరుగుతున్నాయి, కాసేపు బయట గాలికి నిలబడతానని ఆమె రెండుసార్లు అడిగింది. ఈ బట్టల బండి ఖాళీ చేసి వెళ్ళమన్నాడు సూపర్‌వైజరు. తడిబట్టలు చేతుల్లో ఉండగానే ఆమె నేలకొరిగింది. గుండెజబ్బుతో పోయిందని కంపెనీ గోడమీద కాగితం అంటించింది. పక్క మిషను దగ్గరున్న ఎర్లీన్ అంతా చూసింది.

కంపెనీకి పదేళ్ళపాటు పన్ను మాఫీ చెయ్యాలని టౌన్ కౌన్సిల్ అనుకుంటోందని తెలిసినప్పుడు, వెళ్ళి మాట్లాడదామంది ఎర్లీన్. ఏడుగురు వస్తామన్నారు. ఆ సోమవారం ఒకరి కారు కదల్లేదు, ఒకరి పిల్లకి జ్వరం, తక్కినవాళ్ళు ఫోనే ఎత్తలేదు. ఎర్లీన్ ఒక్కతే వెళ్ళి చూసింది చూసినట్టు చెప్పింది. దాన్ని ఎవరో ఫోన్లో తీశారు. రెండు రోజుల్లో జిల్లా అంతా చూసింది.

మేనేజరు డాబ్నీ గొంతు పెంచే మనిషి కాదు. కుర్చీ చూపించాడు.

"మిస్ ఎర్లీన్, మీ వీడియో చూశాను. ధైర్యం ఉండాలి దానికి. మాట్లాడ్డం మీ హక్కు. మా తాత యుద్ధంలో ప్రాణం ఇచ్చింది ఆ హక్కు కోసమే. దాన్ని నేను కాదనను."

"మరి నన్నెందుకు పిలిచారండీ?"

"మీకు హక్కున్నట్టే కంపెనీకీ ఉంది. మమ్మల్ని బజారుకీడ్చేవాళ్ళకి జీతం ఇవ్వాలని ఎక్కడా రాసిలేదు."

"నేను ఎవర్నీ బజారుకీడ్చలేదు. చూసింది చెప్పాను."

"అదే. అది బయట చెప్పుకోండి, ఎంతసేపైనా. మీ గుర్తింపు కార్డు ఇలా పెట్టి వెళ్ళండి."

అన్నం డబ్బా తెచ్చుకోవడానికి ఆమె మళ్ళీ మిషన్ల మధ్యనుంచే నడవాల్సి వచ్చింది. ఒక్కరూ తల ఎత్తలేదు. తన కొసలు అప్పటికే ఇంకెవరో పట్టుకున్నారు. నాడీన్ మడత వేస్తూనే ఉంది.

లైబ్రరీ వెనక గదిలో బీదవాళ్ళకి ఊరికే సలహా చెప్పే లాయరు ఒకామె ఉంది. పేరు కెస్లర్.

"మాట్లాడే హక్కిచ్చిన ఆ రాజ్యాంగం మొదటి సవరణ మాచేత బళ్ళో కంఠతా పట్టించారమ్మా. ఇప్పటికీ తప్పులేకుండా అప్పజెప్తాను" అంది ఎర్లీన్.

"అది సర్కారు చేతులే కడుతుంది మిస్ ఎర్లీన్. ఆ మాటన్నందుకు పోలీసు మిమ్మల్ని పట్టుకెళ్ళకూడదు, మేయరు జరిమానా వెయ్యకూడదు. మీ కంపెనీ చేతుల్ని అది కట్టదు."

"అంటే జైల్లో పెట్టకూడదు. పస్తు మాత్రం పెట్టొచ్చు."

కెస్లర్ కాగితాలు సర్దింది. "ఒక దారుంది. పనివాళ్ళు కలిసి పని గురించి మాట్లాడితే దానికి వేరే చట్టం అండ ఉంది. మీరు మీ ఒక్కరి కోసం కాదు, అందరి తరఫునా వెళ్ళారని ఒక్క మనిషి రాసి సంతకం పెడితే కేసు నిలవొచ్చు. ఒక్కరు చాలు."

ఆ సాయంత్రమే ఎర్లీన్ నాడీన్ ఇంటికి వెళ్ళింది. నాడీన్ వరండాలో కూర్చుని చిక్కుళ్ళు ఒలుస్తోంది. లోపల ఆమె మొగుడు పడుకుని ఉన్నాడు. వారానికి మూడుసార్లు అతని రక్తం శుభ్రం చేయించాలి. ఆ ఖర్చంతా నాడీన్ ఉద్యోగంతో వచ్చిన ఇన్సూరెన్సు మీదే నడుస్తోంది.

ఎర్లీన్ చెప్పిందంతా విని నాడీన్ గిన్నె పక్కన పెట్టింది. "వస్తానన్నాను, నిజమే. నువ్వు నాకోసమూ వెళ్ళావు, అదీ నిజమే. ఈ వరండాలో వందసార్లు చెప్పమను, చెప్తాను. కాగితం మీద మాత్రం అడక్కు అక్కా. నీ కాళ్ళు పట్టుకుంటాను."

"నా కాళ్ళెందుకే. లేచి అతనికి ఇంత సూపు పొయ్యి" అని ఎర్లీన్ మెట్లు దిగింది.

ఇక మిగిలింది రోజెటా భర్త ఆంబ్రోజ్. అతను లాండ్రీలో పనిచెయ్యలేదు. కానీ రోజెటా బతికున్నప్పుడు తనూ కౌన్సిలుకి వెళ్దామనేదని, తమ బాధలు ఎర్లీన్ చేతే చెప్పించాలనేదని అతనికి తెలుసు. అదే రాసివ్వమని అడుగుదామని వెళ్ళింది. ఇంటి ముందు రేకుల నీడలో అతను చేపలవల బాగుచేస్తున్నాడు. ఎప్పటిలా లోపలికి రమ్మనలేదు.

"నీతో మాట్లాడొచ్చో లేదో కూడా నాకు తెలీదు ఎర్లీన్."

"ఎవరు వద్దన్నారన్నా?"

"అప్పటికి శవం ఇంకా అంత్యక్రియలు చేసేవాళ్ళ దగ్గరే ఉంది. వాళ్ళకి కట్టడానికి నా దగ్గర డబ్బేం లేదు. కంపెనీ నుంచి ఇద్దరు లాయర్లొచ్చారు. ఎంత మర్యాదస్తులో! చేతులు పట్టుకున్నారు, నాతో కలిసి ప్రార్థన కూడా చేశారు. తరవాత, ఆ ఖర్చంతా మేం కడతామంటూ కాగితం తీశారు." వల ముడి బిగించాడు. "ఆవిడెలా పోయిందీ నేను ఎవరికీ చెప్పకూడదు. అలాంటి కాగితం ఒకటుందనీ చెప్పకూడదు. ఇప్పుడు నీకు చెప్పిందే తప్పు. నువ్వెళ్ళి చెప్పావంటే జరిమానా కింద నా ఇల్లు పోతుంది."

ఎర్లీన్‌కి అతనిమీద కోపం వచ్చింది. ఊరంతటి ముందు తను ఒక్కతే నిలబడి అరిచింది ఈ మనిషి భార్య కోసమేగా అనిపించింది. కానీ అతను బిగించిన ముడినే విప్పి మళ్ళీ బిగిస్తున్నాడు.

"మనవరాలు అడిగింది, నానమ్మ ఎలా చచ్చిపోయిందని. నిద్రలో అన్నాను. ముప్పై ఎనిమిదేళ్ళు కాపురం చేసి, ఆవిడ చావు గురించి అబద్ధం చెప్పాను." అతను తల ఎత్తలేదు. "ఎవరూ నా నోరు నొక్కలేదు ఎర్లీన్. నా చేత్తో నేనే సంతకం పెట్టుకున్నాను."

రాసివ్వమని ఆమె అడగలేదు. పక్కన ఎత్తుపీట మీద కూర్చుని వల రెండో కొస పట్టుకుంది.

పన్ను మాఫీ మీద ఓట్లు వేసే సోమవారం వచ్చింది. కంపెనీ పనివాళ్ళని బస్సులో తెచ్చి నాలుగు వరసల్లో కూర్చోబెట్టింది. అందరూ నీలం కంపెనీ చొక్కాల్లో ఉన్నారు. రెండో వరసలో నాడీన్ ఉంది. ముందు కుర్చీలో కంపెనీ లాయరు ఉన్నాడు. ఎర్లీన్ చివరి వరసలో గోడవారగా కూర్చుంది. మాట్లాడేవాళ్ళకి మూడేసి నిమిషాలు. మైకు పక్కన చిన్న దీపం పచ్చగా వెలిగితే మొదలు, ఎర్రగా మారితే ఆఖరు.

"ఆంబ్రోజ్ మిడిల్టన్" అని గుమాస్తా పిలిచాడు.

ఎర్లీన్ ఉలిక్కిపడింది. వస్తానని అతను ఆమెతో అనలేదు. చర్చికి వేసుకునే నల్లకోటులో నెమ్మదిగా నడిచి వచ్చి, మైకు ముందు టోపీ తీశాడు.

"నా పేరు ఆంబ్రోజ్ మిడిల్టన్. రోజెటా నా భార్య."

లాయరు కలం మూత తీశాడు. ఆంబ్రోజ్ నోరు తెరిచి మళ్ళీ మూసుకున్నాడు. టోపీని రెండు చేతులతో పట్టుకుని అలాగే నిలబడ్డాడు. ఒక నిమిషం గడిచింది. రెండో నిమిషమూ గడిచింది. హాల్లో కుర్చీ చప్పుడు కూడా లేదు.

"మిస్టర్ మిడిల్టన్, మొహమాటపడకండి. ఇక్కడ ఎవరైనా ఏదైనా మాట్లాడొచ్చు" అన్నాడు మేయరు దయగా.

"అవునండీ, అందరూ అదే అంటున్నారు" అన్నాడు ఆంబ్రోజ్.

దీపం ఎర్రబడింది.

"మీ సమయం అయిపోయింది. ఇక వెళ్ళండి."

"నేను వెళ్ళనండీ."

అతను గట్టిగా అనలేదు. పక్కింటివాళ్ళతో ఎండావానల గురించి మాట్లాడినట్టు అన్నాడు. తలుపు దగ్గరున్న పోలీసు నాలుగడుగులు వేసి, ఏం చెయ్యాలో తోచక మధ్యలో ఆగిపోయాడు. ఎర్లీన్ ముందున్న కుర్చీ వీపు పట్టుకుని లేచి నిలబడింది. నీలం చొక్కాలన్నీ అటే చూస్తున్నాయి. నాడీన్ ఒక్కతే తల దించుకుని, ఒళ్ళో రెండు చేతులూ గట్టిగా పట్టుకుని కూర్చుంది. ఆమె భుజాలు మాత్రం వెక్కిళ్ళకి కదులుతున్నాయి.