పప్పు ఉడికేదాకా

...చిటికెడు చాలు. రెండు వేళ్ళ మధ్య పట్టినంత. ఎసట్లో రాలిస్తే గుప్పున నురగ లేస్తుంది, గరిటెతో పక్కకి తీసేస్తే ఇంక ఏమీ మిగలదు, గింజ మెత్తబడిపోతుంది, ఎవరికీ తెలియదు. కాపరానికి వచ్చిన కొత్తలో అత్తగారు చూపించింది. చూపించే ముందు వంటింటి తలుపు దగ్గరగా వేసింది. ఎందుకు వేసిందని తబితా అడగలేదు. ఆ తరవాత తనూ ఎప్పుడూ తలుపు వేసుకునే ఆ డబ్బా మూత తీసేది. ఇక్కడ తలుపు లేదు. గోడ లేదు. నడిరోడ్డు. ఇంతమంది కళ్ళు...

కళ్ళు తన మీద లేవు. అది ఆమెకి తెలుసు. ఆడవాళ్ళంతా గుండిగలోకే చూస్తున్నారు. అయినా కొంగు చివర ముడి తుంటికి తగిలినప్పుడల్లా దాన్ని అరచేత్తో కప్పుకుంటోంది. ఆ ముడిలో తినే సోడా పొట్లం ఉంది.

చర్చి పండగలకి వాడే గుండిగ అది. కశింకోట రోడ్డు మీద, త్రినాధరావు నీళ్ళ ప్లాంటు గేటుకి అడ్డంగా, మూడు రాళ్ళు పెట్టి పొద్దున్న ఎక్కించారు. అందులో కందిపప్పు, పేట బోరు నీళ్ళు. అంతే. పొద్దున్నుంచీ మంట ఆగలేదు. నీళ్ళు ఇగిరినప్పుడల్లా మళ్ళీ బోరు నీళ్ళే పోశారు. పప్పు ఉడకలేదు. గేటు లోపల నీళ్ళ టిన్నులు ఎక్కించిన లారీ బయటికి రాలేక నిలబడి ఉంది. గేటు పక్కన ఖాకీ చొక్కా తొడుక్కున్న వాచ్‌మన్ వరప్రసాదరావు. తబితా భర్త.

అతను ఆమెనే చూస్తున్నాడు. ఎప్పుడు వేస్తావు అని అడుగుతున్నాయి ఆ కళ్ళు.

ఆమె తల తిప్పుకుంది. తిప్పుకున్న వైపు కాలవగట్టు, అక్కడ ఆ గొట్టం. ఎటు తిరిగినా చూడకూడనిదే కనిపిస్తోంది. టిన్నులు కడిగిన నీళ్ళు ఆ గొట్టంలోంచి కాలవలోకి పోతాయి. మంచినీళ్ళు. కిందటి వారం అంతోనమ్మ మామ్మ దాని కింద బిందె పట్టుకుంది. త్రినాధరావు కారు దిగుతూ చూశాడు. చూసి, గేటు వైపు చెయ్యి ఊపాడు, అంతే. వరప్రసాదరావు వెళ్ళి బిందె తీసుకున్నాడు. ముసలామె గొడవ పడలేదు.

"బాబూ, బిందె సొట్టపోకుండా పారబొయ్యి," అంది.

అతను బిందెని గేటు ముందు రోడ్డు మీదకి తెచ్చి అలాగే పారబోశాడు. నెమ్మదిగా, రెండు చేతులతో వంచి. ఖాళీ బిందెని జాగ్రత్తగా కింద పెట్టాడు. రోడ్డు అవతల షేరు ఆటో కోసం నిలబడిన తబితాకి భయం వేసింది ఆ జాగ్రత్త చూసే. విసిరికొట్టినా బాగుండేదనిపించింది. ఆ పూట అతను అన్నం ముందు కూర్చుని చాలాసేపు చేతులు చూసుకున్నాడు. ఆమె పప్పు వడ్డించింది. ఏమైనా అంటే ఏమవుతుందో ఆమెకి తెలియదు. తెలియనిదేదైనా ఆమెకి భయమే.

పేటలో ఒకప్పుడు నుయ్యి ఉండేది. త్రినాధరావు తోటలో లోతు బోర్లు దిగాక అది ఎండిపోయింది. మిగిలింది పేట బోరు ఒక్కటే. ఆ నీళ్ళకి సబ్బు అరుగుతుంది గాని నురగ రాదు. గిన్నెల అడుగున తెల్లగా పెచ్చు కడుతుంది, కొబ్బరిపీచు పెట్టి ఎంత తోమినా వదలదు. తలంటుకుంటే జుట్టు చీపురు. సోడా వెయ్యకపోతే పప్పు గింజ మెత్తబడదు. ఇంత జరిగాక ప్రభుత్వం శారదానది ఫిల్టరు నీళ్ళ లైను పేటకి ఇచ్చింది. లైను వేసిన కంట్రాక్టరు మళ్ళీ త్రినాధరావే. దాని వాల్వు అతని ప్రహరీ లోపల పడింది. అది మూసి ఉంటుంది. ప్లాంటుకి నీళ్ళుంటాయి, పేట కుళాయిలో గాలి వస్తుంది.

బిందె సంగతి తెలిశాక చర్చి వరండాలో మీటింగు పెట్టారు. పిలవకుండానే త్రినాధరావు వచ్చాడు, నవ్వుతూ.

"ఈ బోరు నీళ్ళతోనే కదమ్మా ఇన్నాళ్ళూ వండుకుంటున్నారు? మీ ఇళ్ళల్లో పప్పు ఉడకటం లేదా? ఉడక్కుండానే తింటున్నారా?"

అందరూ తమ తమ పాదాల వైపు చూసుకున్నారు. అతను వెళ్ళిపోయాక అప్పలనర్సమ్మ లేచింది. చెరుకు కోతల్లో మేస్త్రీలతో గొడవలు పడి గొంతు బొంగురుపోయిన మనిషి.

"ఒక్క మాట అడుగుతాను, ఎవులూ సిగ్గు పడకండి. మీ పప్పులో సోడా ఏత్తన్నారా నేదా?"

ముందుగా అంతోనమ్మ చెయ్యెత్తింది. "నానేత్తన్నాను. నుయ్యి ఎండిపోయిన కాడ్నించీ ఏత్తన్నాను. నా పళ్ళూడిపోయింది అందుకేనేమో!"

నవ్వులు. ఒక చెయ్యి, ఇంకో చెయ్యి. ఎన్ని వంటిళ్ళ తలుపులు తెరుచుకున్నాయో! తబితా చెయ్యి గుండెల దాకా లేచింది, అక్కడ ఆగిపోయి, జుట్టు సర్దుకుంటున్నట్టు చెవి వెనక్కి పోయింది.

"మనం తలుపులేసుకుని సోడా ఏసుకుంటన్నంత కాలం ఆడికి వాల్వు తిప్పాల్సిన పనేటి?" అంది అప్పలనర్సమ్మ. "ఆడి గేటు ముందే వంటా వార్పూ పెడదాం. సోడా నేకుండా. ఉడికితే తినేసి ఎల్లిపోదాం."

"ఉడక్కపోతేనో వదినా?"

"ఉడక్కపోతే ఎలగెల్తామే?"

అది నవ్వులాట కాదని అందరికీ ఒక్కసారే అర్థమయింది. వంట ఎవరిదంటే, చర్చి పండగ వంటలు తబితావే కాబట్టి ఆమె పేరే చెప్పారు. కాదనడానికి ధైర్యం కావాలి. అది లేక ఒప్పుకుంది.

ఇవాళ పొద్దున్న ఎస్సై వచ్చి పొయ్యి చూసి తేలిగ్గానే తీసుకున్నాడు. "వండుకుని తినేసి వెళ్ళిపోండి. భోజనాలయ్యాక ఒక్కరు కనబడకూడదు," అన్నాడు. అప్పలనర్సమ్మ ఆ మాట అతని చేత మళ్ళీ అనిపించింది. త్రినాధరావు కూడా అప్పుడు నవ్వాడు. మధ్యాహ్నానికి నవ్వడం మానేశాడు.

పుల్లల కోసం తబితా ఇంటికి వెళ్ళినప్పుడు వెనకే వరప్రసాదరావు వచ్చాడు. పొట్లం ఆమె కొంగున తనే ముడేశాడు. ముడి సరిగ్గా పడలేదు, మళ్ళీ వేశాడు.

"వంట నీ పెళ్ళానిదే కదరా అన్నాడు త్రినాధరావు. ఇంకేటీ అననేదు. అది సాల్దా తబితా? రేపు నాకు గేటుండదు, మనకీ ఇల్లుండదు. ఇల్లూ ఆడిదే కదా. చిటికెడెయ్యి. ఎవులు సూత్తారు?"

ఎవరు చూస్తారు. నిజమే. ఎవరూ చూడరు. అదే కదా ఇన్నాళ్ళూ...

జీపు చప్పుడు. పొద్దు వాలుతోంది. ఎస్సై దిగాడు, వెనక కానిస్టేబుళ్ళు, ఆడ కానిస్టేబుల్ ఒకామె. లోపల్నుంచి త్రినాధరావు వచ్చాడు.

"ఏమిటమ్మా, ఇంకా అవలేదా?" అన్నాడు ఎస్సై.

"మీరే సూడండి బాబూ," అప్పలనర్సమ్మ గరిటె ముంచి తీసింది. "మీరు తినేసి ఎల్లమన్నారు. ఈ ముసల్దానికి పళ్ళు నేవు, ఎలగ తింటాది? తినకుండా ఎల్తే మీ మాట తీసేసినట్టు అవదా?"

ఒక కానిస్టేబుల్ మొహం పక్కకి తిప్పుకున్నాడు.

"నాటకం సార్ ఇది," అన్నాడు త్రినాధరావు. "ఏదో కలిపేరు ఇందులో."

"ఏటీ కలపనేదనే కదా బాబూ గొడవంతా!" అంది అప్పలనర్సమ్మ.

నవ్వు లేచింది, రోడ్డు మీద ఆగిన ఆటోల్లో కూడా. త్రినాధరావు ఆ నవ్వులో ఎవరు నవ్వలేదో వెతికాడు. దొరికింది.

"తబితా, నువ్వు చెప్పమ్మా. నువ్వు అబద్ధం ఆడవు. మీ ఇంట్లో ఉడుకుతుందా లేదా?"

ఔనంటే నిజం. లేదన్నా నిజమే. రెండు నిజాలకీ మధ్య ఆమె కొంగు ముడి.

ఎస్సైకి ఓపిక అయిపోయింది. "ముందు ఈవిణ్ణి ఎక్కించండి," అన్నాడు. అప్పలనర్సమ్మని రెక్కపట్టి లేపారు. ఒక్క క్షణం తోపులాట, గాజులు చిట్లిన చప్పుడు. ఆడవాళ్ళు లేవలేదు. పొయ్యి చుట్టూ ఇంకా దగ్గరగా జరిగి కూర్చున్నారు. జీపు ఎక్కుతూ ఆమె గరిటె తబితా చేతిలో పెట్టింది.

"మంట సూడు, ఆరిపోతాది," అంది. మళ్ళీ జీపులోంచి అరిచింది: "వాల్వు తిప్పాల!"

"తిప్పాల!" అంతోనమ్మ గొంతు, సన్నగా, ఒంటరిగా. వెంటనే అందరిదీ. లారీలో టిన్నులు ఎక్కించిన కలాసీలు ఒకరి మొహం ఒకరు చూసుకుని, దిగి, చక్రాలకి జారబడి కూర్చున్నారు. వాళ్ళని ఎవరూ కూర్చోమనలేదు.

"మిగిలినవాళ్ళు కూడా ఎక్కుతారా?" ఎస్సై గుండిగ మీదకి వంగాడు. "ఆఖరుసారి అడుగుతున్నా. పప్పు అయిందా, లేదా?"

గరిటె పట్టుకున్నది తను. జవాబు తనదే. తబితా గేటు వైపు చూసింది. వరప్రసాదరావు గడ్డం కొంచెం కిందికి కదిలింది. వెయ్యి. ఆ మొహంలో బెదిరింపు లేదు. తన మొహమే అది, అద్దంలో రోజూ చూసుకునేదే. ఇద్దరం ఇలాగే ముసలివాళ్ళమైపోతామా, ఒకరి భయానికి ఒకరం కాపలా కాస్తూ? ఆ ఆలోచన సోడా పొట్లం కన్నా, జీపు కన్నా ఎక్కువ భయపెట్టింది ఆమెని.

గరిటె కింద పెట్టింది. కొంగు ముందుకి లాక్కుని ముడి విప్పింది. త్రినాధరావు తేలిగ్గా ఊపిరి వదిలాడు. పొట్లం విప్పుతుంటే ఆడవాళ్ళు చూశారు. అందరూ చూశారు.

చెయ్యి గుండిగకి దూరంగా చాపి పొట్లం బోర్లించింది. తెల్లటి పొడి రోడ్డు మీద పడింది, కిందటి వారం అంతోనమ్మ బిందె నీళ్ళు ఇంకిన చోటే.

"మంచిపని సేసేవు," అంది అంతోనమ్మ. "అందరం దాసుకున్నదే కదే అది."

గేటు దగ్గర వరప్రసాదరావు తన చేతులు చూసుకుంటున్నాడు.

తబితా గరిటెలోంచి ఒక్క గింజ తీసి, బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య పెట్టి నొక్కింది. నలగలేదు. ఆ గింజని ఎస్సై ముందు పట్టుకుంది.

"ఉడకనేదు బాబూ."

వంగి, ఒక పుల్ల పొయ్యిలోకి తోసింది.