సీసాలో వెలుగు కర్ర

తేటయ్య గాజుసీసాను నల్లగుడ్డ ముందు పెట్టి పక్కనుంచి టార్చి వేశాడు. కిటికీలు మూసే ఉన్నాయి. ఊరికి మంచినీళ్ళు వడగట్టే ఫిల్టరు హౌసులో ముప్ఫై ఒక్క ఏళ్ళుగా ఆయన మొదటి పని ఇదే. నీరు తేటగా ఉంటే వెలుగు ఇటు దూరి అటు పోతుంది, మధ్యలో దాని జాడే ఉండదు. కంటికి ఆనని మట్టి నలుసులు తేలుతుంటే ఒక్కొక్కటీ ఆ వెలుగును కాస్త అందుకుని పక్కలకు చల్లుతుంది. అప్పుడు సీసాలో తెల్లటి కర్ర నిలబెట్టినట్టు ఉంటుంది.

ఆయన అసలు పేరు హాజరు పట్టీలో తప్ప ఎక్కడా లేదు. జలాశయం అడుగున చేప ఆవలించినా ఇక్కడ ఆయనకు తెలుస్తుందని ఊళ్ళో అనేవారు. ఆయన కాదనేవాడు కాదు. ఏ చేపో కూడా చెప్పగలనన్నట్టు మీసం దువ్వుకునేవాడు.

ఇవాళ నాలుగో ఫిల్టరు సీసాలో కర్ర నిలబడింది.

"మీటరేమంటోంది?"

పొద్దుటి డ్యూటీలో ఉన్న బావమరిది, నీళ్ళ మసక కొలిచే మీటరు అంకెలు రాసే పుస్తకం చూపించాడు. "ఆరింటి నుంచీ ఒకటే బావా. సున్నా పాయింట్ మూడు. అద్దంలా ఉన్నాయి నీళ్ళు."

"అద్దంలో కర్రెందుకుంది మరి?"

"అది నీళ్ళలో లేదు, నీ కంట్లో ఉంది. శుక్లాలు తీయించుకోమని అక్క ఏడాదిగా మొత్తుకుంటోంది."

మాట నిజమే. వీధిదీపాలు ఆయనకు దూదిపింజల్లా కనబడుతున్నాయి. కంటిలో మసక కూడా వెలుగును ఇలాగే చల్లేస్తుందని డాక్టరు చెబితే, "అయితే నాలోనూ ఓ ఫిల్టరు పాడైందన్నమాట" అని నవ్వి వచ్చేశాడు.

కెమిస్టు మేడమ్ వచ్చింది. పడమటి పేటంతటికీ నీళ్ళు నాలుగో ఫిల్టరు నుంచే. ఆపితే మధ్యాహ్నం దాకా కొళాయిలు రావు. ఆపకపోతే, ఆయన చెప్పిందే నిజమైతే, ఆ మురికి పిల్లల కడుపుల్లోకి పోతుంది.

"మీటరు బాగుందంటుంటే దేన్ని చూసి ఆపమంటారు, పెద్దాయనా?"

"నా కన్ను మీద అనుమానమైతే ముందు దానికే పరీక్ష పెడదాం అమ్మా."

ల్యాబులోని డిస్టిల్డ్ వాటర్ సీసా తెచ్చి అదే టార్చి వేశాడు. లోపల ఏమీ లేదు, చీకటి. పక్కన నాలుగో ఫిల్టరు సీసా పెట్టాడు. కర్ర.

"రెండింటికీ కన్ను ఒకటే గదా. నా కంట్లో కర్రయితే మొదటి సీసా దగ్గర ఎటు పోయింది? సెలవు పెట్టిందా?"

మేడమ్ నవ్వలేదు. వెళ్ళి మీటరు మూత తెరిచింది. లోపల సీలు వేసిన చిన్న సీసా ఉంది. మీటరును సరిచూసుకోవడానికి దానితోపాటు వచ్చిన సీసా అది. దాని లెక్క ఎప్పుడూ సున్నా పాయింట్ మూడే. పొద్దున సరిచూసి, బావమరిది దాన్ని తీయడం మరిచాడు. గంటగంటకూ బటన్ నొక్కాడు, అంకె రాశాడు, నీళ్ళు మాత్రం మార్చలేదు. పాపం మీటరు, చూపించినదాన్నే చూసింది.

"ఉద్యోగం పోతుంది బావా," అన్నాడు బావమరిది మెల్లగా.

"నిజం నీ చేత్తో నువ్వే రాయి. దాచావో, మీ అక్కతో చెప్తా. ఉద్యోగం పోవడమే నయమనుకుంటావు."

బావమరిది అంకెలన్నీ కొట్టేసి, కింద తన తప్పు రాసి సంతకం పెట్టాడు. మేడమ్ వాల్వు మూయించింది. పొద్దుట పట్టిన నీళ్ళు తాగొద్దని పేటలో మైకు పెట్టి చెప్పించింది. తర్వాత ఫిల్టరు కింద నుంచి నీరు ఎదురెక్కించి ఇసుకను కడిగారు. తేటయ్య గట్టు మీద కుర్చీ వేసుకుని, పొంగే గోధుమరంగు నీళ్ళు పలచబడుతుంటే, "ఇంకాస్త... ఇంకాస్త..." అని చేయి ఊపుతూ కూర్చున్నాడు. నీళ్ళు తేటపడేవేళకు ఆ చేయి ఒళ్ళోకి దిగింది. ఇక చాలన్నాడనుకుని వాల్వు కట్టేశారు.

ఒంటిగంటకు బావమరిది కడిగిన ఫిల్టరు నీళ్ళు గాజుగ్లాసులో నింపి తెచ్చి గట్టు మీద పెట్టాడు. "ఇప్పుడు చూసి చెప్పు బావా."

బావ తల పక్కకు వాలి ఉంది. మూడుసార్లు పిలిచాడు. మేడమ్ పరుగున వచ్చి మణికట్టు పట్టుకుని నాడి వెతికింది. చాలాసేపు వదల్లేదు.

పేటలో కొళాయిలు వచ్చాయి. గట్టు మీద, ఎవరూ తాగని ఆ గ్లాసు అంచుదాకా నిండి ఉంది. ఎండ అందులో దూరి, ఎక్కడా ఆగకుండా, అవతల సిమెంటు మీద పడుతోంది.